చేప కోసం చెట్టు నాటేవాళ్ళు



గాలం వేసుకుని కూర్చున్న మనిషిని చూస్తే మనవైపు ఆడవాళ్ళకు అంత సదభిప్రాయం ఉండదు. పనీపాటూ లేనివాడు చెరువుగట్టున కూర్చుని పొద్దుపుచ్చుతున్నాడనుకుంటాం. అటువంటి గాలాలవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారనీ, అందులో ఆడవాళ్ళు కూడా ఉన్నారనీ, అంత కష్టపడి పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారనీ చెబితే మీకు నవ్వొస్తుంది. నవ్వవలసిన సంగతే మరి! కానీ ఒక వేసవి అంతా ఆ సంఘంవాళ్ళ మధ్య తిరిగి వచ్చినదాన్ని గనక, వాళ్ళు చేసే పనేమిటో ఇవాళ మీతో చెప్పాలని ఉంది.

2023లో మా చెల్లెలి పురుటికి అమెరికా వెళ్ళాను. మా అమ్మ లేదు, అంచేత ఆ బాధ్యత నాది. మా మరిది మిషిగన్ రాష్ట్రం ఉత్తర భాగంలో, గ్రేలింగ్ అనే ఊరికి దగ్గరలో డాక్టరుగా పనిచేస్తున్నాడు. అమెరికా అనగానే మనకు తోచే ఆకాశమంత మేడలు అక్కడ కనిపించవు. ఇసుక నేల, దాని మీద ఎటు చూసినా పైన్ చెట్ల అడవి, ఆ అడవి నడుమనుంచి తేటగా పారే ఆసాబుల్ నది. అది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరట. మన భాషలో ఇసుకేరు అనుకోవచ్చు.

పక్కింటావిడ బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. పసిదాన్ని చూడ్డానికి వచ్చిన మొదటిరోజే, "మీ ఊళ్ళో నది ఉందా?" అని అడిగింది. నాది మెట్రిక్ చదువు, వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని గదా, ఆ ప్రశ్నకు మటుకు జవాబు చెప్పగలిగాను. దాంతో ఆవిడకు నామీద అభిమానం కుదిరింది. బాలింతరాలికి పథ్యం వండిపెట్టి, పసిదానికి నీళ్ళు పోసి నిద్రపుచ్చాక నాకు కొంత తీరిక దొరికేది. ఆ తీరిక వేళల్లో ఆవిడ నన్ను తన కారులో ఎక్కించుకుపోయేది.

అసలు ఈ వేట ఎల్లా ఉంటుందో ముందు చెబుతాను. దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఫ్లై అంటే ఈగ. మన గాలానికి వానపామునో, పిండి ఉండనో గుచ్చి, బెండు కట్టి నీళ్ళలో వేస్తాం. వీళ్ళ గాలానికి ప్రాణమున్న ఎర ఉండదు. కోడి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి చేసిన బొమ్మ ఈగ ఉంటుంది. ఎందుకంటే అక్కడి ట్రౌట్ చేప నీటిమీద వాలే పురుగుల్ని తిని బతుకుతుంది. ఈ ట్రౌట్ మన బొచ్చె, శీలావతి వంటి చెరువు చేప కాదు. చల్లని పారే నీళ్ళలోనే బతికే చేప. అక్కడ ఎక్కువగా ఉండే బ్రౌన్ ట్రౌట్ కు వొంటిమీద నల్లచుక్కలూ, ఎర్రచుక్కలూ అద్దకం వేసినట్టుంటాయి.

మనకు వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి చూడండి, అల్లాగే అక్కడ మే ఫ్లై అని ఒక జాతి రెక్కల పురుగులున్నాయి. పిల్లపురుగులుగా నీటి అడుగున పెరిగి, ఒక సాయంత్రం అన్నీ కలిసి పైకి లేస్తాయి. రెక్కలొచ్చాక వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే. జూన్ చివర్లో వాటిలోకల్లా పెద్దవి చీకటి పడ్డాక లేస్తాయి. ఆ రాత్రుళ్ళు నదిలో చేపలు నీళ్ళు చప్పరించే చప్పుడు వినడానికే జనం దూరం దూరంనుంచి వస్తారు. నేనూ ఒక రాత్రి వెళ్ళాను. కంటికి ఏమీ కనిపించలేదు. చీకట్లో చిన్నపిల్లలు పాలు చప్పరిస్తున్నట్టు చప్పుళ్ళు, అంతే. పుట్టెడు దోమలు కుట్టాయి. అయినా వెళ్ళినందుకు విచారించలేదు.

ఈ బొమ్మ ఈగల్ని కట్టడం ఒక చేతిపని. పక్కింటావిడ వంటింటి బల్లమీదే చిన్న బిగింపు పెట్టుకుని, దాంట్లో గాలపు ముల్లు బిగించి, కోడి మెడ ఈకను గుండ్రంగా తిప్పి చుట్టేది. ఆడమ్స్ అనే ఈగ ప్రపంచమంతటా పేరుపడింది. దాన్ని 1922లో ఈ మిషిగన్ లోనే లెనార్డ్ హాలడే అనే ఆయన కట్టి, తన స్నేహితుడి పేరు పెట్టాడు. కళ్ళజోడు సవరించుకుంటూ ఆవిడ ఆ ఈకను బిగిస్తూ ఉంటే, మా మేనత్త కనకాంబరాలు దండ కట్టడమే గుర్తొచ్చింది నాకు. నేను కట్టిన ఈగను చూసి ఆవిడ, "దీన్ని చేపకంటే పిల్లి ఎక్కువ మెచ్చుకుంటుంది" అంది.

ఇహ విసరడం. మన గాలంలో బరువంతా చివరనున్న సీసపు గుండుది. ఇక్కడ ఈగకు బరువే లేదు, తాడుకుంది బరువు. తొమ్మిదడుగుల సన్నని కర్రతో ఆ తాడును వెనక్కి విసిరి, అది గాలిలో పూర్తిగా చాపుకునేదాకా ఒక్క క్షణం ఆగి, ముందుకు విసరాలి. ఆ ఆగడంలోనే ఉంది నేర్పంతా. బలం పెట్టినవాళ్ళకు తాడు మెడకు చుట్టుకుంటుంది. చేటతో బియ్యం చెరిగిన చేతికి ఈ పని త్వరగా పట్టుబడుతుందని నా అనుభవం. పెరట్లో గడ్డిమీద గాలపు ముల్లు తీసేసి, ఊలు ముక్క కట్టి నాకు నేర్పిందావిడ. రెండు వారాల్లో ఇరవై అడుగుల దూరంలో పెట్టిన పళ్ళెంలో పడేట్టు విసరగలిగాను. మా మరిది ఫోటో తీసి ఇంటికి పంపితే, మావారు "అక్కడికెళ్ళి ఈగలు తోలుతున్నావా?" అని జవాబిచ్చారు.

ఇదంతా సరదా భాగం. సంఘం సమావేశానికి తీసుకెళ్ళినప్పుడు మటుకు నేను తెల్లబోయాను. ఊరి గ్రంథాలయంలో ఒక గది, అందులో ముప్ఫై మంది దాకా చేరారు. వడ్రంగి, నర్సు, బ్యాంకు గుమాస్తా, రిటైరయిన సిపాయి, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, అరడజను మంది ఆడవాళ్ళు. ఎవరు ఎంత పెద్ద చేప పట్టారని గొప్పలు చెప్పుకుంటారనుకున్నాను. రెండు గంటల సేపు వాళ్ళు మాట్లాడినది నీళ్ళ వేడి గురించీ, ఒక రోడ్డు కింది తూము గురించీ, ఇసుక గురించీ.

సంగతేమిటంటే ట్రౌట్ కు నీళ్ళు చల్లగా ఉండాలి. నీరు చల్లగా ఉంటేనే అందులో ప్రాణవాయువు ఎక్కువగా నిలుస్తుంది. ఫారన్ హీటు లెక్కన 68 డిగ్రీలు, మన లెక్కన 20 డిగ్రీలు దాటితే చేప ఆయాసపడుతుంది. ఆ స్థితిలో దాన్ని గాలంతో లాగి ఆడించి వదిలితే, ఈదుకుంటూ వెళ్ళినట్టే వెళ్ళి తర్వాత చచ్చిపోవచ్చు. అంచేత వేడి రోజుల్లో మధ్యాహ్నం నీళ్ళలో ధర్మామీటరు పెట్టి చూసి, 68 దాటితే కర్రలు సర్దుకుని ఇంటికి పోతారు. ఇది పోలీసు వచ్చి చెప్పేది కాదు, తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు.

నీళ్ళు చల్లగా ఉండాలంటే ఒడ్డున చెట్లుండాలి, నీడ పడాలి. ఒడ్డు కోసుకుపోయి ఇసుక పడితే నది అడుగున గులకరాళ్ళు పూడిపోతాయి. ఆ గులకరాళ్ళలోనే ఆడ ట్రౌట్ తన తోకతో గొయ్యి తవ్వి గుడ్లు పెట్టి, మళ్ళీ తోకతోనే రాళ్ళు కప్పుతుంది. ఇసుక పూడితే లోపలి గుడ్లకు ఊపిరాడదు. తూము సంగతీ అంతే. రోడ్డు కింద వేసిన గొట్టం నీటిమట్టానికి బాగా ఎత్తున ఉంటే చేప ఎగిరి అందులో దూరలేదు, పైవైపు చల్లని పాయలకు చేరుకోలేదు. ఆ మాట విన్నప్పుడు మా పులస గుర్తొచ్చింది. సముద్రంనుంచి గోదావరిలోకి ఎదురీదే పులస ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేక అక్కడే ఆగిపోతుంది కదా. ఆనకట్టతో మన డెల్టాకు అన్నం దొరికింది, కాదనలేం. చేపకు మటుకు దారి మూసుకుపోయింది. ఆ సభలో నాకొచ్చిన ఇంగ్లీషులో ఈ ముక్క చెబితే అంతా శ్రద్ధగా విని, పులస రుచి ఎల్లా ఉంటుందని అడిగారు. పుస్తెలమ్మి అయినా తినాలన్నారు మావాళ్ళు అని చెబితే, పుస్తెలంటే ఏమిటో విడమర్చడానికి మా చెల్లెలికి పావుగంట పట్టింది.

ఈ సంఘం ఒక పెద్ద సంస్థకు శాఖ. ఆ సంస్థ పేరు ట్రౌట్ అన్ లిమిటెడ్. 1959 జూలైలో ఇదే ఆసాబుల్ ఒడ్డున జార్జి గ్రిఫిత్ అనే ఆయన ఇంట్లో పదహారు మంది గాలాలవాళ్ళు చేరి మొదలుపెట్టారు. ఇప్పుడు దేశమంతటా నాలుగు వందల దాకా శాఖలున్నాయి. ఆ రోజుల్లో ప్రభుత్వంవాళ్ళు తొట్లలో పెంచిన చేపల్ని లారీల్లో తెచ్చి నదుల్లో కుమ్మరించేవారట. వారం తిరిగేసరికి జనం వాటిని పట్టుకుపోయేవారు. మళ్ళీ లారీ రావాలి. నదిని బాగుచేస్తే చేప తనంతట తానే పెరుగుతుంది గదా, ఈ కుమ్మరించడం దేనికని ఆ పదహారు మందీ పట్టుబట్టారు. బజారునుంచి రోజూ పాల పాకెట్ తెచ్చుకోవడానికీ, ఇంట్లో గేదెను మేపుకోవడానికీ ఉన్న తేడా అన్నమాట. రోజూ గడ్డి వేసేవాళ్ళుండాలి, దాంతోనే వచ్చింది చిక్కు. ఆ గడ్డి వేసే పనికే ఈ శాఖలు.

వాళ్ళ పట్టుదలకు వెనక ఒక అపరాధం కూడా ఉంది. ఊరి పేరు గ్రేలింగ్ అని చెప్పాను గదా, అది ఒక చేప పేరు. వీపుమీద తెరచాపలాంటి పెద్ద రెక్కతో అందంగా ఉండే ఆ చేప ఒకప్పుడు ఆ నదిలో కుప్పలుతెప్పలుగా ఉండేది. 1870లలో రైలొచ్చింది. రైలుతో పట్నంవాళ్ళొచ్చి వందలకొద్దీ పట్టుకుపోయారు. ఆపైన కలప వ్యాపారం. మహావృక్షాల్లాంటి పైన్ చెట్లను నరికి, ఆ దుంగల్ని వసంతకాలపు వరదలో నదిమీద తేల్చి పంపేవారు. గ్రేలింగ్ గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ వసంతకాలంలోనే. దుంగలు నది అడుగును గీరుకుపోయాయి, చెట్లు లేని ఒడ్లు జారి ఇసుక పడింది, నీళ్ళు వేడెక్కాయి. 1930ల నాటికి ఆ రాష్ట్రంలో గ్రేలింగ్ అనేది లేకుండా పోయింది. ఊరికి పేరు మిగిలింది. ఇప్పుడున్న బ్రౌన్ ట్రౌట్ అక్కడి చేపే కాదు, జర్మనీనుంచి గుడ్లు తెప్పించి పొదిగించి, 1884లో ఆ రాష్ట్రపు నదిలో వదిలినవాటి సంతానం. ఇంటి పిల్లను పోగొట్టుకుని, పెంపుడు పిల్లను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నట్టుంది వాళ్ళ వ్యవహారం. పాత చేప నశించడానికి ఈ కొత్త చేపల్ని తెచ్చిపెట్టడం కూడా కొంత కారణమని చెబుతారు. ఆ మాట సంఘంవాళ్ళే దాచకుండా చెప్పారు. అది నాకు నచ్చింది.

ట్రౌట్ మన దేశానికీ అల్లాగే దొరల వెంట వచ్చింది. 1900లో స్కాట్లండునుంచి గుడ్లు తెచ్చి కాశ్మీరంలో పొదిగించారు. తర్వాత కొద్ది ఏళ్ళకు విల్సన్ అనే ఆయన నీలగిరుల్లో అవలాంచి దగ్గర పెంపకం మొదలుపెట్టాడు. మున్నారు టీ తోటల దొరలు తమకో గాలాల సంఘమే పెట్టుకున్నారు. ఊటీ వెళ్ళినవాళ్ళు బొటానికల్ గార్డెన్ చూసి వచ్చేస్తారు గాని, ఆ కొండవాగుల్లో ఈ చేప ఉందని ఎవరూ చెప్పరు.

మళ్ళీ మన సంఘానికి వద్దాం. సెప్టెంబరులో ఒక శనివారం నది శుభ్రం చేశారు. పొద్దున్నే ఆడా మగా పిల్లా జెల్లా వచ్చి, తొడలదాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని నీళ్ళలోకి దిగారు. వేసవి అంతా పడవల మీద షికారుకొచ్చిన జనం పారేసిన డబ్బాలు, చెప్పులు, ఒక కుర్చీ, ఒక కట్టుడు పళ్ళ సెట్టు కూడా బయటికి వచ్చాయి. ఆ పళ్ళు ఎవరివోనని రోజంతా ఒకటే హాస్యాలు. కొందరు ఒడ్డున మొక్కలు నాటారు. నీళ్ళలోకి దిగే ధైర్యం నాకు లేదు గాని ఏడు మొక్కలు పాతాను. మధ్యాహ్నం అందరూ తలో వంటకం తెచ్చి బల్లమీద పెట్టారు. నేను పులిహోర కలిపి తీసుకెళ్ళాను. మొదట అనుమానంగా చూశారు, తర్వాత గిన్నె అడుగు గీరారు.

అంతా పాలూనీళ్ళలా ఉంటారని మాత్రం అనుకోకండి. వానపాము ఎర వేసేవాళ్ళంటే ఈగలవాళ్ళకు చిన్నచూపు. ఊరికి పడవలవాళ్ళ వల్ల డబ్బు వస్తుంది. నీళ్ళు కలతపెడతారని సంఘంవాళ్ళకు వాళ్ళమీద కోపం. నదిలో ఎనిమిది మైళ్ళ భాగంలో ఈగ తప్ప వేరే ఎర వేయకూడదు, పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలి. దాన్ని హోలీ వాటర్స్ అంటారు, అంటే పుణ్యతీర్థం. "మా తాత ఇక్కడ పట్టి వండుకు తిన్నాడు, నాకెందుకు హక్కు లేదు?" అని ఒక పెద్దాయన సభలోనే నిలదీశాడు. దానికి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నిజమే గదా, తీరికా జేబులో డబ్బూ ఉన్నవాళ్ళు పెట్టే నియమాలు ఆకలితో ఉన్నవాడికి వేళాకోళంగానే తోస్తాయి.

నేనూ ఆ ప్రశ్నే ఇంకో రకంగా అడిగాను. తినేందుకు పట్టడం నాకు అర్థమవుతుంది. మేము చేప తినేవాళ్ళమే. తినకుండా, ఊరికే నోట్లో ముల్లు గుచ్చి, లాగి, వదలడం హింస కాదా? పక్కింటావిడ తడుముకోకుండా, "హింసే" అంది. "అందుకనే ఎంత తగ్గించగలమో అంత తగ్గిస్తాం" అని తన గాలపు ముల్లు చూపించింది. మామూలు ముల్లుకు వెనక్కి తిరిగిన చిన్న కోర ఉంటుంది, అది చిక్కుకుంటే ఊడిరాదు. వీళ్ళు పట్టకారుతో ఆ కోరను నొక్కేస్తారు. చేపను ముట్టుకునేముందు చెయ్యి తడుపుకుంటారు, ఎందుకంటే పొడిచెయ్యి తగిలితే దాని వొంటిమీది జిగురు ఊడిపోయి జబ్బు పట్టుకుంటుంది. గాలిలోకి ఎత్తి ఫోటోలకని నిలబడరు. ఆపైన ఆవిడ, "నేను చేపను పట్టడం మానేస్తే నదికి వెళ్ళడం మానేస్తాను. నదికి వెళ్ళడం మానేస్తే అది పాడైన సంగతి నాకు తెలియదు" అంది. ఈ మాటకు నేను పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేను. కాని కొట్టిపారేయనూ లేను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ వదిలేసే పద్ధతిని తెచ్చి మన జాలరి ఆడవాళ్ళకు నీతులు చెప్పబోతే అన్యాయం. వాళ్ళకు అది ఆట కాదు, పొయ్యిమీది ఎసరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ మరపడవలు సముద్రం మీదికి పోకూడదని నిషేధం ఉంది. ఆ రెండు నెలలూ ఇల్లెల్లా గడుస్తుందో ఆ ఇల్లాళ్ళనడిగితే తెలుస్తుంది. చేప కోసం వాళ్ళు చేస్తున్న త్యాగం ముందు ధర్మామీటరు చూసి కర్ర సర్దుకోవడం ఒక లెక్కలోది కాదు.

ఇందులో ఆడవాళ్ళ పాత్ర కొత్తేమీ కాదని అక్కడే తెలిసింది. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట పుస్తకాన్ని జులియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. గట్టి రుజువు లేదుగాని ఆ పేరు అల్లాగే నిలిచింది. మెయిన్ రాష్ట్రంలో 1897లో వేటగాళ్ళకు దారి చూపేవాళ్ళకు లైసెన్సులివ్వడం మొదలుపెడితే, మొదటి లైసెన్సు కార్నీలియా క్రాస్బీ అనే ఆవిడకే దక్కింది. 1932లో న్యూయార్కులో కొందరు స్త్రీలు తమకంటూ విడిగా ఒక ఫ్లై ఫిషింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. 1951లో జోన్ అనే ఆవిడ, తర్వాత జోన్ వుల్ఫ్ గా పేరుపడింది, దూరం విసిరే పోటీలో మిగిలిన పోటీదారులంతా మగవాళ్ళే అయినా గెలిచింది. బలంతో పనికాదు, ఆగడం తెలియాలి అని చెప్పాను గదా.

అసలు మీకు చెప్పాలనుకున్న సంగతి ఇప్పుడొస్తోంది.

పక్కింటావిడ కుడిచేత్తో విసిరేటప్పుడు భుజం కొంచెం బిగబట్టినట్టుండేది. ఒకరోజు తనే చెప్పింది, పన్నెండేళ్ళ కిందట రొమ్ము కాన్సరుకు ఆపరేషన్ అయిందని. చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. చెయ్యి పైకి లేవడం మానేసింది, వాపు వచ్చేది. జడ వేసుకోలేకపోయేది. అంతకన్నా బాధేమిటంటే, మనుషుల్లోకి వెళ్ళబుద్ధి కాకపోవడం. అప్పుడెవరో ఆవిడ పేరును కాస్టింగ్ ఫర్ రికవరీ అనే సంస్థకు పంపారు. 1996లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక శస్త్రవైద్యురాలూ, చేపల వేట నేర్పే ఒకావిడా కలిసి దాన్ని స్థాపించారు. రొమ్ము కాన్సరు వచ్చిన స్త్రీలను, ఒక్కొక్కసారి పధ్నాలుగు మంది దాకా, రెండు మూడు రోజులు నది దగ్గరికి తీసుకెళ్ళి, పైసా తీసుకోకుండా ఈ ఈగల గాలం నేర్పుతారు. డాక్టరో నర్సో ఉంటారు, మనసు విప్పి మాట్లాడించేవాళ్ళుంటారు. ఆపరేషన్ తర్వాత భుజానికి చెప్పే వ్యాయామాలున్నాయే, ఈ గాలం విసరడంలో చెయ్యి ఇంచుమించు అల్లాగే మెల్లగా కదులుతుంది. పెద్ద బరువు లేదు, కుదుపు లేదు.

"మూడోరోజు నేను చేపను పట్టలేదు" అంది ఆవిడ. "కాని ఆ మూడురోజుల్లో మొదటిసారి విగ్గు తీసేసి బయట కూర్చున్నాను. పక్కన ఇంకా పదమూడు మంది అల్లాగే కూర్చున్నారు." ఇంటికొచ్చి మన ఊరి శాఖలో చేరింది. చేరాక, ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే వాళ్ళింటికి భోజనం పంపే వంతులు వేసే పని ఆవిడ తలకెత్తుకుంది. ఒక ముసలాయన భార్య పోతే, సంఘంవాళ్ళు నెలరోజులపాటు పొద్దున్నే వెళ్ళి ఆయన్ని నదికి తీసుకెళ్ళారట, చేపల కోసం కాదు, మంచం దిగాలని.

ఇది వింటూంటే నాకు మా పిన్ని కళ్ళముందు మెదిలింది. మన దేశంలో ఆడవాళ్ళకొచ్చే కాన్సర్లలో ఇప్పుడు రొమ్ము కాన్సరుదే మొదటిస్థానం. మా పిన్నికి ఆపరేషన్ అయి ఆరేళ్ళయింది. జబ్బు తగ్గింది. డాక్టరు వ్యాయామాలు చెప్పిన కాగితం పూజగదిలో పంచాంగం కింద ఉంది. పైటకొంగు భుజాన నిండుగా కప్పుకుని, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పెళ్ళిళ్ళకు రాదు, నోములకు రాదు. "ఎవరైనా అడుగుతారేమోనే" అంటుంది. ఎవరూ అడగరు కూడా. అడిగితే నొచ్చుకుంటుందని వాళ్ళు, అడుగుతారేమోనని ఆవిడ. మధ్యన ఆరేళ్ళు గడిచిపోయాయి.

తిరిగి రాగానే మా పిన్ని దగ్గరికి వెళ్ళి ఈ కథంతా చెప్పాను. నది, ఈగలు, పధ్నాలుగు మంది ఆడవాళ్ళు అన్నీ. అంతా విని, "దానికి చేపలెందుకే, చేట చాలదూ?" అంది. అని లేచి వెళ్ళి, ఎన్నేళ్ళుగానో ముట్టుకోని చేట అందుకుంది. రెండుసార్లు చెరిగి, నొప్పిగా ఉందని పక్కన పెట్టింది. నేను వెంటనే ఆ కాగితం తీయించి, చెరగడం సంగతి డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టించాను. మీరెవరైనా ఇల్లాంటివి చేయదలిస్తే అల్లాగే అడిగి చేయండి, చేతిలో వాపున్నవాళ్ళు మరీను. ఇప్పుడు మా వీధిలో అటువంటి ఆపరేషన్ అయినవాళ్ళు మరో ఇద్దరున్నారని బయటపడింది. శుక్రవారం సాయంత్రాలు మా పిన్ని వాకిట్లో కూర్చుంటున్నారు. మాట్లాడుకునేది ఎక్కువగా కోడళ్ళ సంగతేననుకోండి.

మొన్న 2025లో మా చెల్లెలు ఫోనుచేసి ఒక విశేషం చెప్పింది. నశించిపోయిన ఆ గ్రేలింగ్ చేపను తిరిగి తెచ్చేందుకు 2016లో రాష్ట్రప్రభుత్వమూ, అక్కడి ఆదివాసీ తెగ ఒకటీ కలిసి ప్రయత్నం మొదలుపెట్టారు. అలాస్కానుంచి తెచ్చిన గుడ్లతో తల్లిచేపల్ని పెంచారు. ఆ వసంతంలో వాటి గుడ్లను మూడు తెగలవాళ్ళకు అప్పగిస్తే, వాళ్ళు మూడు నదుల్లో వాటిని పొదగబెట్టారట. ఆ పిల్లలు పెరిగి తాము గుడ్లుపెట్టే వయసుకు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. "అప్పటికి నాకు ఎనభై దగ్గరపడతాయి. గాలం పట్టుకెళ్ళను, ఊరికే చూడ్డానికి వెళతాను. మీ అక్కయ్యకి చెప్పు" అందిట పక్కింటావిడ.